కాళహస్తి గుడ్డమీది బొమ్మల కథ

బొమ్మల కథ అనగానే మా తరానికి చందమామ, నేటి పిల్లలకు కంప్యూటరు తెరమీది కామిక్సు తలపునకు వస్తాయి. గడులు గీసి, బొమ్మకు మాట చేర్చి కథ నడిపే విద్య శ్రీకాళహస్తికి క్రొత్త కాదు. 2022 ఏప్రిల్ వరకు ఆ ఊరు మా చిత్తూరు జిల్లాలోనిదే. ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది.

పాత కలంకారీ తెరను గమనించండి. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరుసలుగా చిన్న గడులు, వాటి వెంట తెలుగు అక్షరాలు. 1880ల తొలినాళ్ళలో పంచకళ్ళ పెద్ద సుబ్బరాయుడనే కాళహస్తి చిత్రకారుడు ఇట్లే రామాయణాన్ని గుడ్డకెక్కించాడు. ఆ తెర లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది.

ఇది పలు చేతులు కలిసిన పని. గుడ్డను కరక్కాయ, పాలలో నానవేయాలి, చింతబొగ్గుతో రూపురేఖ దిద్దాలి, బెల్లము, ఇనుము పులియబెట్టిన నల్లటి కసిమితో వెదురు కలం నడపాలి, స్వర్ణముఖిలో ఉతకాలి.

ఆదరణ సన్నగిల్లిన ఈ విద్యకు కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర కాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి కుమారులు గురప్పశెట్టిగారు ఉపాధ్యాయవృత్తిలో ఉంటూనే తండ్రి విద్యను సాధించారు. 2008లో పద్మశ్రీ అందుకొన్నారు.

నేడు కలంకారీ చీరలకెక్కి కళాకారునికి కూడు పెడుతున్నది, సంతోషమే. అయితే చీరమీది నెమలికి అక్షరంతో పని లేదు. ఆ పంక్తి జారిపోతే కథ పోయి అలంకారం మిగులుతుంది. ఒకరు వ్రాస్తూ, ఒకరు గీస్తూ సరదాగా బొమ్మల కథలు కట్టే యువమిత్రులు ఆ పాత తెరలను ఒక్కసారి చూడాలి. బొమ్మకొక గడి, మాటకొక పట్టె: రెండింటికీ అక్కడ చోటున్నది.