ట్రైలోబైట్ లేని సున్నపురాయి

విశాఖ రేవును కాపుకాసే డాల్ఫిన్స్ నోస్ కొండలో శిలాజాలు లేవంటే దాన్నిబట్టి తేల్చగలిగేది ఏమీ లేదు. ఆ ఖోండలైట్ రాయి ఒకప్పుడు బంకమట్టే. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో కాగి కాగి గార్నెట్, సిల్లిమనైట్ స్ఫటికాలుగా మారింది. అందులో ఏ జీవి ముద్ర ఉన్నా మిగిలేది కాదు. విశాఖ ఉక్కు కర్మాగారానికి జగ్గయ్యపేట గనుల నుంచి వచ్చే సున్నపురాయి సంగతి వేరు. అది అలా కాగలేదు. అందులోనూ, దానికి సాటివైన కర్నూలు సున్నపురాళ్లలోనూ ట్రైలోబైట్ అనే అంతరించిన కీళ్లకాళ్ల సముద్రజీవి లేకపోవడాన్ని మాత్రం వాటి వయసుకు గట్టి సాక్ష్యంగానే తీసుకోవాలి.

ఎందుకో ఆ జీవి శరీర నిర్మాణమే చెబుతుంది. తల, ఖండాల నడుము, తోక కలిసిన దాని పైపెంకు కాల్సైట్. కంటి కటకాలూ కాల్సైటే. పీతలాగే పెంకు విడుస్తూ పెరిగేది కాబట్టి ఒక్క ప్రాణి ఎన్నో పెంకులు వదిలిపోయేది. ముక్క దొరికినా గుర్తుపట్టవచ్చు: పాకిస్తాన్‌లోని సాల్ట్ రేంజ్ నుంచి 1899లో వర్ణించిన రెడ్లిచియాకు నెలవంక కళ్లు, బోలెడన్ని ఖండాలు, చిటికెడు తోక. ఎంతో తర్వాతి ఫాకాప్స్‌కు విడివిడి పెద్ద కటకాలు, తలతో జోడీగా ముడుచుకునే వెడల్పాటి తోక. హిమాలయాల్లోని స్పితి లోయ కేంబ్రియన్ యుగపు శిలాజాలను కూపర్ రీడ్ 1910లో వర్ణించాడు. హిమాలయం అంతగా నలిగినా అక్కడ ట్రైలోబైట్లు మిగిలాయి.

సరిగా వెతకలేదేమో అనవచ్చు. భూవిజ్ఞాని విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్లపై గ్రంథం వెలువరించింది 1872లో. అప్పటి నుంచి భూవిజ్ఞానులు ఎందరు తిరిగినా చూడగలిగింది కొంతే, నిజమే. కానీ బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాల నాపరాళ్ల కార్మికులు తరతరాలుగా ఆ కర్నూలు సున్నపురాతినే పొర వెంట చీలుస్తున్నారు. విడిచిన పెంకులు పరుచుకుని ఉండాల్సింది సరిగ్గా ఆ పొరల మీదే. మన ఇళ్ల నేలలన్నీ ఆ వెతుకులాట ఫలితాలే. ఈ రాళ్లు జీవం ఆనవాళ్లను నిలుపుకోలేవనడానికీ లేదు: వీటికన్నా పాతవైన వేంపల్లె సున్నపురాళ్లలో సూక్ష్మజీవుల చాపలు కట్టిన స్ట్రోమటోలైట్లు స్పష్టంగా ఉన్నాయి.

మరో అభ్యంతరం బలమైనది: పెంకు లేని మెత్తని పూర్వీకులు అప్పటికే ఉండి, జాడ లేకుండా కరిగిపోయి ఉండవచ్చు. దాన్ని కాదనలేం. కాబట్టి ఈ లేమి కీళ్లకాళ్ల జీవుల పుట్టుకకు తేదీ ఇవ్వదు. ట్రైలోబైట్లు మొదట కనిపించే దాదాపు 52 కోట్ల ఏళ్ల నాటికే ఈ సున్నపురాయి పేరుకుపోయిందని మాత్రం చెబుతుంది. అంతకు ఎంత ముందన్నది ఐసోటోపులు తేల్చాల్సిన లెక్క.