మెట్లెక్కిన దర్బారు

బొమ్మల కొలువును మనం పూజల ఖాతాలో వేసేశాం. సంక్రాంతికి కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో, దసరాకి రాయలసీమలోనూ అటు కన్నడ, తమిళ నాడుల్లోనూ మెట్లు కట్టి బొమ్మలు పేరుస్తారు. పేరంటాళ్లు వస్తారు, హారతి ఇస్తారు, శనగలూ తాంబూలమూ చేతులు మారతాయి. ఈ సందడిలో మెట్లమీద ఎవరెవరు కొలువుదీరారో నిలబడి చూసేవాళ్లు తక్కువ. పై మెట్టున దశావతారాలు, శ్రీరామ పట్టాభిషేకం ఉంటాయి, సరే. కిందికి దిగుతున్నకొద్దీ బొజ్జ శెట్టిగారూ ఆయన పచారీ కొట్టూ, తాటిచెట్టెక్కిన గీత కార్మికుడు, రోట్లో దంచుతున్న అమ్మలక్కలు, పెళ్లికూతురి పల్లకీ, అంబారీ ఏనుగు, పోలీసు జవాను, రైలుబండి కనిపిస్తాయి. ఏ ఇంటి దేవుడి గదిలోనూ పోలీసుకి చోటుండదు. శెట్టిగారి తాసుకి అసలే ఉండదు. మరి ఇక్కడ వాళ్లకి చోటెలా దొరికింది? కొలువు పుట్టుకను గుడిలో వెతికితే ఈ ప్రశ్నకి జవాబు దొరకదు, రాజుగారి దర్బారులో వెతికితే దొరుకుతుంది. ఆ దర్బారు గది మూలకి సరిపడేంత చిన్నదయ్యాక దాని పెత్తనం పిల్లల చేతికి వచ్చిందని కూడా నా వాదన.

ముందు వాడుకలో ఉన్న కథ సంగతి చూద్దాం. కొలువుకి మూలం దేవీ మాహాత్మ్యంలో ఉందంటారు. రాజ్యం పోగొట్టుకున్న సురథుడనే రాజు, ఇల్లు వదిలిన సమాధి అనే వైశ్యుడు నది ఒడ్డున దేవి ప్రతిమను మట్టితో చేసి పూజించి వరం పొందారన్నది ఆ కథ. బాగుంది కానీ వాళ్లు చేసింది ఒకే ప్రతిమ, అది దేవిదే. ఆ కథలోంచి మెట్లు రావు, ఏనుగులూ రావు. ఇంకొందరు మెట్లకి తత్త్వం చెబుతారు. అట్టడుగున చెట్టూ చేమా, ఆపైన జంతువులు, ఆపైన మనుషులు, కొసన దేవతలు, జీవుడి ఆరోహణ క్రమమట. ఇళ్లలో కొలువు పెట్టేవాళ్లనడిగితే అసలు క్రమం తెలుస్తుంది: పెద్ద బొమ్మలు వెనక, చిన్నవి ముందు, పగిలేవి పిల్లలకి అందకుండా పైన. ఈ తత్త్వం ఉన్న ఆచారానికి తర్వాత తొడిగిన అర్థంలా ఉంది. ఇక పేరులోనే కొలువు ఉంది కదా, ఇంకా సాక్ష్యమెందుకని అడగొచ్చు. పేరు ఒక్కటే తేల్చదు. తిరుమలలో శ్రీనివాసుడికీ రోజూ కొలువు జరుగుతుంది. అయితే అక్కడ స్వామికి పంచాంగం వినిపించి, ముందురోజు హుండీ ఆదాయం లెక్క చెబుతారు. అంటే కొలువులో కూర్చున్నంతసేపు దేవుడు కూడా రాజే.

గట్టి సాక్ష్యం విజయనగరంలో ఉంది. హేరాత్ నుంచి తైమూరు వంశపు షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో అక్కడ మహానవమి ఉత్సవాన్ని చూశాడు. మూడు, నాలుగు, అయిదు అంతస్తుల మంటపాలు వరసగా నిలిపారనీ, పైనుంచి కిందిదాకా వాటిమీద బొమ్మలేననీ రాసుకున్నాడు. మనుషులు, అడవి మృగాలు, పక్షులు, చివరికి ఈగలూ దోమలూ కూడా అందులో ఉన్నాయట. కొన్ని మంటపాలు గిర్రున తిరిగి కొత్త ముఖం చూపించేవట. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత, కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిష్ అదే పండగలో సింహాసనం, మల్లుల కుస్తీలు, నర్తకీమణులు, అలంకరించిన గుర్రాలూ ఏనుగుల వరసలూ, బాణసంచా చూశాడు. అచ్యుతరాయల నాటి గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్, రాజభవనం ముందు తొమ్మిదిమంది ముఖ్య నాయకులు తొమ్మిది ఎత్తయిన కట్టడాలు నిలిపి, వాటికి ఖరీదైన గుడ్డలు చుట్టి, లోపల రకరకాల వింతలు ఏర్పాటు చేసేవాళ్లని రాశాడు. హంపీలో ఇప్పటికీ నిలిచిన మహానవమి దిబ్బ అంతస్తులు అంతస్తులుగా లేచిన రాతి అరుగు. దాని పక్కల చెక్కిన పట్టీల్లో ఏనుగులు, గుర్రాలు, ఒంటెలు, వేటగాళ్లు, నర్తకులు, పరదేశీ వర్తకులు బారులు తీరి ఉంటారు. అంతస్తులు, గుడ్డ చుట్టడం, బొమ్మలు, దేవుడితో పాటు సమస్త జనం, తొమ్మిది రోజులు: ఇవాళ్టి దసరా కొలువుకి కావలసిన సరంజామా అంతా అక్కడ ఒకే పండగలో కనిపిస్తోంది.

1565లో రక్కసి తంగడి యుద్ధంతో విజయనగరం కూలినా మహానవమి కూలలేదు. సామంతులుగా ఉన్నవాళ్లు తమ తమ రాజధానులకి దాన్ని తీసుకుపోయారు. మైసూరు ఒడయార్లలో రాజ ఒడయారు 1610లో శ్రీరంగపట్నంలో దసరా ఉత్సవం మొదలుపెట్టాడు. ఆ వంశంలో దసరా తొమ్మిది రోజులూ రాజు సింహాసనమెక్కి దర్బారు చెయ్యడం ఆనవాయితీ. అదే మైసూరు రాజభవనంలో బొమ్మలకంటూ ‘గొంబె తొట్టి’ అనే మంటపం ఉంది. ఒకే కప్పు కింద ఒకే పండగకి రెండు కొలువులన్నమాట, ఒకటి మనుషులది, ఇంకొకటి బొమ్మలది. కన్నడ ఇళ్లలో ఆడపిల్లకి పెళ్లిలో ఇచ్చే చెక్కబొమ్మల జంటని ‘పట్టద గొంబె’ అంటారు. పట్టం కట్టుకున్న రాజూ రాణీ వాళ్లు, కొలువులో ముందు కూర్చునేది వాళ్లే. తమిళులు ‘మరపాచ్చి’ అనే జంట కూడా అలాంటిదే. తిరుపతిలో ఎర్రచందనంతో చేసే రాజారాణీ బొమ్మలు ఈ అవసరం కోసమే తరాలుగా అమ్ముడుపోయాయి. దేవతామూర్తి లేకుండా కొలువు మొదలవడానికి అభ్యంతరం లేదు కానీ, రాజారాణీ లేకుండా మొదలుపెట్టడానికి ఆ ఇళ్లు ఒప్పుకోవు. ఇంతకంటే స్పష్టంగా ఆచారం తన పుట్టుక తాను చెప్పుకోలేదు.

పోలిక కనిపించినంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టా అని ఎవరైనా నిలదీస్తే ఆ ప్రశ్న న్యాయమైనదే. దిబ్బ చిన్నదై ఇంటి మెట్లయిందని ఏ శాసనమూ చెప్పదు. అయితే దర్బారు బొమ్మల రూపంలో ఇళ్లలోకి, అందులోనూ ఆడపిల్లల చేతుల్లోకి రావడం మన ఊహ మాత్రమే కాదు, లోకంలో జరిగిన సంగతే. జపానులో మార్చి 3న ఆడపిల్లల పండగ ‘హినమత్సురి’కి ఎర్రగుడ్డ పరిచిన మెట్లమీద బొమ్మలు పెడతారు. పై మెట్టున చక్రవర్తి, సామ్రాజ్ఞి. కింద ముగ్గురు పరిచారికలు, అయిదుగురు వాద్యగాళ్లు, ఇద్దరు మంత్రులు, ముగ్గురు సేవకులు. ఏడు మెట్లు, పదిహేను బొమ్మలు. క్యోటో దర్బారే అది, సందేహం లేదు. అక్కడి ఎడో యుగంలో ఈ బొమ్మల ఆర్భాటం ఎంత పెరిగిందంటే ప్రభుత్వం బొమ్మల ఎత్తుమీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఎదుటి పక్షానికి పనికొచ్చే ఉదాహరణ ఇటలీలోని నేపుల్సుది. క్రిస్మస్‌కి అక్కడ పేర్చే పశువుల పాకలో చేపలమ్మేవాడు, రొట్టెలు కాల్చేవాడు, వీధి మొత్తం చేరిపోయింది. 18వ శతాబ్దంలో అక్కడి బూర్బన్ రాజు చార్లెస్ స్వయంగా ఆ పనిలో చెయ్యి పెట్టేవాడు. మన కొలువు కూడా అలాగే ముందు పూజై, తర్వాత బజారును చేర్చుకుందేమో కదా? తేడా ఒకటుంది. నేపుల్సు పాకలోంచి పసిబాలుణ్ణి తీసేస్తే మిగిలినవాళ్లు అక్కడెందుకున్నారో అర్థం కాదు. మన మెట్లమీదనుంచి ఏ దేవుడి బొమ్మ తీసినా కొలువు కొలువుగానే నిలుస్తుంది.

దసరా దర్బారే మూలమైతే కోస్తా తెలుగువాళ్లు సంక్రాంతికి ఎందుకు పెడుతున్నట్టు? దీనికి సమాధానం పంచాంగంలో కాక ధాన్యపు గాదెలో ఉంది. ఇంటి కొలువుకి నిజం రాజు లేకపోయినా ఫర్వాలేదు, చూడవచ్చే జనం మాత్రం ఉండాలి. డెల్టాలో కోతలై, ధాన్యం ఇల్లు చేరి, కూతుళ్లూ అల్లుళ్లూ దిగి, పిల్లలకి సెలవులిచ్చే సమయం పుష్యమాసం. ఆ జనం ఉన్నప్పుడే కొలువూ తీరింది. పండగ మారినా బొమ్మలు మారకపోవడం, ఈ ఆచారం ఒక దేవత తిథికి కట్టుబడినది కాదనడానికి మరో రుజువు. ఇంకొక తేడా గమనించండి. ముక్కనుమనాడు కొత్త పెళ్లికూతుళ్లు పట్టే సావిత్రీ గౌరీ వ్రతానికి బొమ్మల నోమనే పేరుంది. అందులో మట్టిబొమ్మల్ని పూజించి నైవేద్యాలు పెట్టి చివరికి నీటిలో కలుపుతారు. కొలువు బొమ్మల్ని ఎవరూ నిమజ్జనం చెయ్యరు. పాత చీరముక్కల్లో చుట్టి, పెట్టెలో పెట్టి, అటకెక్కిస్తారు. ఇంటి దొరతనాన్ని నీళ్లపాలు ఎవరు చేసుకుంటారు?

ఇక పిల్లల సంగతి. కొలువు మెట్లకి సరుకు పంపిన ఊళ్లు ఆటబొమ్మల ఊళ్లు. కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి చెక్కను వెచ్చజేసి తడి తీసి, భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, సుద్ద పూసి రంగులేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. అక్కడి లక్కపిడతలు ఏడాది పొడవునా చిన్నపిల్లల వంటలాటలో తిరిగి, కొలువునాడు మాత్రం పెద్దమనుషుల్లా మెట్టెక్కి కూర్చుంటాయి. మెట్లు కూడా పిల్లల పనే. ట్రంకు పెట్టెలు, పీటలు, డబ్బాలు, పాత పుస్తకాల కట్టలు దొంతరపెట్టి పైన తెల్ల పంచె పరిస్తే అయిదు మెట్లు సిద్ధం. మెట్లకిందున్న నేల మాత్రం పూర్తిగా పిల్లల సామ్రాజ్యం, ‘పార్కు’ అంటారు దాన్ని. పళ్లెంలో మట్టిపోసి ఆవాలో మెంతులో చల్లి మొలిపిస్తే వరిచేను, అద్దం పెడితే చెరువు, చుట్టూ ఇసుక పోస్తే గట్టు, అగ్గిపెట్టెలకి రంగు కాగితం అంటిస్తే వీధి. ఈ పార్కుకి శాస్త్రంలో విధి లేదు, మడి లేదు, మంత్రం లేదు. పూజగా పుట్టిన పనైతే పెద్దలు దీన్ని అయిదేళ్ల పిల్ల చేతికి ఇచ్చేవాళ్లా? ధనుర్మాసంలో పిల్లలు చేసే గొబ్బి పిడకల దండ భోగిమంటకి చెందుతుంది. ఈ పార్కు మాత్రం ఎవరికీ సమర్పణ కాదు, చూసినవాళ్లు మెచ్చుకోవడానికే ఉంది.

ఇక్కడ నేను తేలిగ్గా తోసెయ్యలేని ఆక్షేపణ ఒకటుంది. దర్బారంటేనే ఎక్కువ తక్కువలు. దేవుళ్లూ దొరలూ పైన, రోకలి పట్టినవాళ్లూ తాటిచెట్టెక్కినవాళ్లూ కింద. పైగా చాలాకాలం ఇది మెట్టు కట్టడానికి జాగా, పేరంటానికి తీరిక ఉన్న కులాల, కుటుంబాల ముచ్చటే. పిల్లలకి ఈ వరస నేర్పడం మంచిదేనా? పుట్టుకలో ఆ మచ్చ ఉందని ఒప్పుకోవాలి. అయితే ఆ వరసను పట్టి కూర్చునేది పెద్దలు. బొమ్మలు పిల్లల చేతికిస్తే శెట్టిగారు రాముడి పక్కకి చేరతాడు, పోలీసు చెరువుగట్టున కాపలా కాస్తాడు, ఏనుగు పచారీ కొట్టు ముందు ఆగుతుంది. వాళ్లకి ఎవరు గొప్పో పట్టదు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్నదే లెక్క. వాళ్లని సరిదిద్దకుండా ఉంటే చాలు, ఆ దర్బారు దానంతటదే ఊరవుతుంది.

ప్లాస్టిక్ కార్లూ, సినిమా వీరులూ, కార్టూను పిల్లులూ మెట్లెక్కుతున్నాయనీ సంప్రదాయం చెడిపోతోందనీ మరో ఫిర్యాదు. చరిత్ర ఈ ఫిర్యాదు పక్షాన లేదు. రైలుబండీ పోలీసూ ఒకప్పుడు అంతే కొత్తవాళ్లు. విజయనగరం దిబ్బమీద పరదేశీ గుర్రాల వర్తకులకి చోటున్నప్పుడు, ఇవాళ్టి కొలువులో కార్టూను పిల్లికి చోటు లేదనడం కుదరదు. కొత్తవాళ్లని పిలిచి నిలబెట్టుకోవడం దర్బారుకి గొప్ప. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలు తమ ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన వంతెనని పార్కులో పెడితే అదీ సంప్రదాయంలోని మాటే. కొండపల్లి బొమ్మ కొనకపోవడం మాత్రం వేరే సంగతి. అక్కడ పోయేది ఒక ఊరి చేతిపని, దానికి పిల్లి బాధ్యురాలు కాదు. కొలువుకి అసలు ముప్పు ఇంకోవైపు నుంచి వస్తోంది. మడతపెట్టే స్టీలు మెట్లు, సెట్టుగా కొనే పార్కులు, పోటీల కోసం ఒకే ఇతివృత్తం మీద అమ్మానాన్నలు అర్ధరాత్రిదాకా పేర్చే ప్రదర్శనలు వచ్చాయి. వాటి ముందు పట్టుపరికిణీ కట్టుకుని ఫొటోకి నిలబడడమే పిల్లల వంతవుతోంది. అలాంటి కొలువు ఎంత అందంగా ఉన్నా, అది పిల్లలకి మళ్లీ పరాయి రాజుగారి దర్బారే.

ఈ సంక్రాంతికి కొలువు పెట్టే ఉద్దేశముంటే పై మెట్లు మీరుంచుకుని, కింది రెండు మెట్లూ పార్కూ పిల్లలకి వదిలెయ్యండి. వాళ్లు పెట్టినదాన్ని వాళ్లు నిద్రపోయాక సర్దకండి. కొనేది ఒక్క బొమ్మే అయినా కొండపల్లిదో ఏటికొప్పాకదో కొనండి. ఆవాలు మాత్రం భోగికి అయిదు రోజుల ముందే వాళ్లచేత చల్లించండి, ఆలస్యమైతే పండగనాటికి చేను పచ్చబడదు.