దీపము క్రింద చీకటి



చేతిలో దీపము పట్టుకొని, అర్ధరాత్రి రోగుల పడకల మధ్య నడిచే ఫ్లారెన్స్ నైటింగేల్ బొమ్మను మీరు బడి పుస్తకాలలో చూసే ఉంటారు. ఆ బొమ్మ అబద్ధము కాదు. అయితే అది చెప్పని సంగతి ఒకటి ఉన్నది. ఆ దీపము వెలుగుతున్న మొదటి చలికాలములోనే, అదే ఆసుపత్రిలో సైనికులు వేల సంఖ్యలో చనిపోయారు. ఎందుకు? దానినుండి ఆమె ఏమి నేర్చుకొన్నది? మన ఇంట్లో మంచము పట్టిన వారికి ఆ పాఠము ఎలా పనికివస్తుంది? ఈ మూడు సంగతులు ఈ వేళ చూద్దాము.

1. సేవ ఉన్నది, అయినా మరణము ఆగలేదు

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ పట్టణములో, కలిగిన ఆంగ్లేయ కుటుంబములో పుట్టింది. 1837 ఫిబ్రవరి 7న దేవుడు తన్ను సేవకు పిలిచాడని స్వయంగా వ్రాసుకొన్నది. ఆ రోజులలో నర్సు పనికి గౌరవము లేదు, ఇంటివారు ఒప్పుకోలేదు. అయినా 1853లో ఆమె లండన్‌లో స్త్రీల కొరకైన ఒక చిన్న ఆసుపత్రికి అధికారిణి అయ్యింది. అక్కడ ఆమె అడిగిన వసతులు ఏమిటో చూడండి: ప్రతి అంతస్తుకు గొట్టము ద్వారా వేడినీళ్ళు రావాలి, భోజనము పైకి చేర్చే చిన్న లిఫ్టు కావాలి, ఏ రోగి గంట కొట్టాడో నర్సుకు తెలిసే ఏర్పాటు ఉండాలి. నర్సు నీళ్ళకోసము, అన్నముకోసము మెట్లు ఎక్కి దిగుతూ ఉంటే రోగిని కనిపెట్టి ఉండేది ఎవరు? ఇదీ ఆమె ప్రశ్న.

మరుసటి సంవత్సరము క్రిమియా యుద్ధము. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరిక మేరకు ఆమె 38 మంది నర్సులతో 1854 నవంబరు 4న స్కుటారి చేరింది. అది నేటి ఇస్తాంబుల్ నగరములో ఒక భాగము. అక్కడి సైనిక వైద్యులకు ఈ స్త్రీలు రావడము ఇష్టము లేదు. వైద్యులు పిలిచేవరకు ఏ నర్సూ వార్డులో అడుగు పెట్టకూడదని ఆమె కట్టడి చేసింది. ఎదుట రోగులు బాధపడుతుంటే చేతులు కట్టుకొని కూర్చోవడము ఎంత కష్టమో ఆలోచించండి! కానీ ఎవరి మాట ఎవరు వినాలో తేలకుండా పని మొదలుపెడితే నష్టపోయేది రోగియే గదా. ఇంకెర్మన్ యుద్ధపు క్షతగాత్రులు వచ్చిపడగానే వైద్యులే పిలిచారు.

ఆమె నేల తోమే బ్రష్షులు తెప్పించింది. రోగులకు తగిన ఆహారము వండించింది. ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, నీళ్ళు కాచే బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలకు జీతమిచ్చి బట్టలు ఉతికించింది. ఉతకడము నర్సు పని కాదు. ఉతికిన బట్ట రోగికి అందేటట్లు చూడడము ఆమె పని.

ఇంత చేసినా, 1855 ఫిబ్రవరిలో అక్కడ మరణాలు నూటికి 42 వరకు పెరిగాయి. చంపినది తుపాకి గుండు కాదు. ఎక్కువమందిని చంపినవి కలరా, విరేచనాలు, విషజ్వరాలు. ఆ భవనము క్రింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. ఆ గాలి, ఆ నీరు పైనున్న రోగులకు సోకుతున్నాయి. మార్చిలో ఇంగ్లండు నుండి పారిశుద్ధ్య సంఘము వచ్చింది. మురుగు పారించారు, చెత్త ఎత్తించారు, గోడలకు సున్నము వేయించారు, గాలి ఆడేటట్లు చేశారు. జూను నాటికి మరణాలు నూటికి 2కు దిగాయి.

దీపము క్రిందనే చీకటి ఉంటుందని మన పెద్దలు ఊరకే అనలేదు.

2. లెక్కలు దాచలేదు

ఆమె 1856లో స్వదేశము చేరింది. తిండి, బట్ట కొరతవల్లను, రోగులను ఆలస్యముగా తీసుకొని వచ్చినందువల్లను వారు చనిపోయారని మొదట ఆమె తలంపు. గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కూర్చొని లెక్కలు చూసినప్పుడు మురుగు, ఇరుకు, చెడుగాలి ఎంత పని చేశాయో తెలిసింది. తన పేరు దేశమంతట మారుమ్రోగుతున్న రోజులవి. ఊరకుంటే అడిగేవారు లేరు. అయినా 1858లో ఆ మరణాలను రంగుల పటముగా వేయించి, పెద్దల ముందు పెట్టింది. ఆసుపత్రి చేయవలసిన మొట్టమొదటి పని రోగికి హాని చేయకుండుట అని తరువాత తన గ్రంథములో వ్రాసింది.

3. నేను లేనప్పుడు ఎవరు?

1860 జనవరిలో ఆమె గృహిణుల కొరకు రోగి సేవను గురించి ఒక చిన్న పుస్తకము వెలువరించింది. అందులో ఒక అధ్యాయమంతా బాధ్యత అప్పగించడము గురించే. 1859 సెప్టెంబరులో గ్రేట్ ఈస్టర్న్ అనే మహానౌకలో పేలుడు జరిగి కొందరు పనివారు చనిపోయారు. తెరచి ఉంచవలసిన కుళాయి ఒకటి మూసి ఉన్నది, అంతే! ఓడలో మనుషులు లేరా? ఉన్నారు. ఆ కుళాయి ఎవరి బాధ్యతో ఎవరికీ తెలియదు. నైటింగేల్ ఈ ప్రమాదమునే ఉదాహరణగా చూపింది. ఆమె బోధ యేమనగా: అన్నీ నేనే చేస్తాననుట బాధ్యత కాదు; ఎవరో ఒకరు చేస్తారులే అనుటయు బాధ్యత కాదు; నేను లేని సమయములో కూడా ఆ పని జరిగే ఏర్పాటు చేయుటయే బాధ్యత. ఆ సంవత్సరమే లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమైనది.

ప్రియులారా, ఇప్పుడు మన సంగతి చూసుకొందాము. తల్లి ఆసుపత్రిలో ఉన్నది. ముగ్గురు పిల్లలు వంతులవారీగా కూర్చుంటారు. ప్రేమకు లోటు లేదు. తమ్ముడు మాత్ర వేశాడులే అని అన్న, అన్న వేశాడులే అని తమ్ముడు. లేదా ఇద్దరూ వేస్తారు! రెండూ ప్రమాదమే. గనుక మూడు పనులు చేయండి. ఏది ముందు చూడాలో నర్సమ్మను అడగండి. పండ్లు, పలకరింపులకన్న ముందు ఊపిరి, జ్వరము, మందు వేళ. ఏ పని ఎవరిదో పేరు పెట్టి చెప్పుకోండి, కాగితము మీద వ్రాయండి. లేచి వెళ్ళేటప్పుడు, తరువాత కూర్చొనేవారికి నోటితో అప్పగించి వెళ్ళండి. ఎవరు వస్తున్నారో రోగికి కూడా చెప్పండి. మందు తప్పిపోతే తిట్లకు భయపడి దాచవద్దు, వెంటనే చెప్పండి. తన పేరుకన్న సైనికుల ప్రాణము ముఖ్యమని ఆమె లెక్కలు బయటపెట్టింది గదా!

ఈ రాత్రి మీ ఇంట్లో రోగి ప్రక్కన మీరు దీపము పట్టుకొని నిలబడితే మంచిదే. కానీ పడుకొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను నిద్రపోయాక ఈ బాధ్యత ఎవరిది? ఆ వ్యక్తికి ఆ సంగతి తెలుసా?