సత్యం పతనం, సిబ్బంది నిలకడ

సిడ్నీ నైరుతి శివారైన ఎడ్మండ్‌సన్ పార్క్‌కు రైలు వచ్చినది 2015 ఫిబ్రవరిలో. అదే ఏడాది ఏప్రిల్ 9న హైదరాబాదులోని న్యాయస్థానం సత్యం రామలింగరాజుకు ఏడేళ్ళ శిక్ష విధించింది. ఈ స్టేషనులో ఉదయాన నిలబడే తెలుగువారిలో నడివయసు ఇంజనీర్లతో మాట కలిపితే, సత్యం ప్రస్తావన ఇప్పటికీ వస్తుంది.

1987లో స్థాపితమైన ఆ సంస్థ 2008 నాటికి యాభైవేలకు పైగా ఉద్యోగులున్నట్లు చెప్పుకొనేది. ఆ సెప్టెంబరులో, సంస్థాగత పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా అందుకొన్నది. అదే డిసెంబరు 16న, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొనబోయి, మదుపరుల ఆగ్రహంతో గంటలలోనే వెనక్కు తగ్గింది. 2009 జనవరి 7న, ఖాతాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని రాజు లిఖితపూర్వకంగా ఒప్పుకొన్నారు. ఆ ఒక్కరోజులో షేరు విలువ ముప్పాతికకు పైగా పడిపోయింది. పురస్కారమూ రద్దయింది.

నాయకత్వమే సంస్థ అయితే కథ అక్కడ ముగియాలి. ముగియలేదు. ఖాతాలు అబద్ధమైనా, ఖాతాదారుల యంత్రాలను నడిపే పని నిజం. జీతం వస్తుందో రాదో తెలియని ఆ వారాలలో వేలమంది ఆ పని ఆపలేదు.

రక్తస్రావమైనప్పుడు శరీరం చేసేదీ ఇదే. గుండె వేగం పెంచి, చర్మానికీ పేగులకూ రక్తం తగ్గించి, మెదడును కాపాడుతుంది. దాన్ని చూసి రోగి బాగున్నాడనుకొనే వైద్యుడు పొరపడతాడు. అది గడువు మాత్రమే. గాయాన్ని ఎవరో ఒకరు మూయాలి.

ఇక్కడ ఆ పని కొత్త బోర్డు చేసింది. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్, అచ్యుతన్‌లను నియమించింది. తరువాత మరి ముగ్గురు చేరారు. బయటివాడిని తేకుండా, సంస్థలోనే ఎదిగిన ఎ.ఎస్. మూర్తిని సీఈఓగా ఎంచుకొన్నారు. ఖాతాదారులకు తెలిసిన ముఖం ముందు నిలిచింది. ఏప్రిల్ 13న, షేరుకు 58 రూపాయల బిడ్డుతో టెక్ మహీంద్రా గెలిచింది. 2013లో విలీనం పూర్తయింది.

రాజు ప్రారంభించిన 108 సేవ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ అంబులెన్సులు, వ్యవస్థాపకుడు జైలులో ఉన్నప్పుడూ తిరిగాయి. నడపడానికయ్యే ఖర్చులో అధికభాగం ప్రభుత్వానిది. యాజమాన్య బాధ్యతను 2009లో జీవీకే స్వీకరించింది. రోడ్డు పక్కన పడి ఉన్నవాడికి కావలసినది సమయానికి వచ్చే సిబ్బందే గాని, స్థాపకుని పేరు కాదు.

అయితే, సర్దుకుపోయే గుణాన్ని కీర్తించి ఊరుకోవడం అన్యాయం. పేగుకు తగ్గిన రక్తానికి మూల్యముంటుంది. కొత్త యాజమాన్యం వేలమందిని ‘వర్చువల్ పూల్’ పేరిట తక్కువ జీతంతో ఇంట కూర్చోబెట్టింది. వారు ఏ ఖాతానూ దిద్దినవారు కారు.

సత్యం పరువు పోగొట్టినవారు కొద్దిమంది. దాన్ని నిలబెట్టడానికి మూల్యం చెల్లించినవారు వేలమంది. సంస్థ చరిత్ర రాసేటప్పుడు ఈ రెండో లెక్క కూడా వేయాలి.