తేఱుకొనుట

దుఃఖమునుండి గాని కోపమునుండి గాని శీఘ్రముగా బయటఁబడుమని చెప్పుటకు ఆంగ్లేయులు "స్నాప్ ఔట్ ఆఫ్ ఇట్" అందురు. స్నాప్ అనఁగా పుటుక్కునఁ దెగుట. గోదావరీమండలమున నట్టి సందర్భమున వినఁబడు మాట తేఱుకొనుట. ఇందుఁ దెగుట లేదు, తేటపడుట కలదు.

తేఱు అను క్రియ నీటికిని జెల్లును. రథవాచకమగు తేరునందు లఘురేఫము, దీనియందు శకటరేఫము. కావున రెండును భిన్నములు. గోదావరి వఱదలలో నెఱ్ఱనీరు తెచ్చును. 1852లో ధవళేశ్వరపుటానకట్ట పూర్తియైన పిదప నా నీరు క్రమముగాఁ గాలువలవెంట నూళ్లకుఁ బాఱినది. అట్టి నీటిని కడవలో నింపునపుడు లోపలివైపున ఇందుపగింజను రుద్దినచో మన్ను అడుగంటును, పైనీరు తేఱును.

తమిళమునను తేఱు ధాతువునకు నీరు తేటపడుట, మనసూఱడిల్లుట యను నర్థములు రెండును గలవు. ఇందుపగింజకుఁ దేఱ్ఱాంకొట్టై యని యా ధాతువునుండియే పేరు. కావున నీ యర్థసంబంధము మిక్కిలి ప్రాచీనమని యూహింపవచ్చును.

సంస్కృతమునను నిట్టిదే కలదు. సద్ధాతువునకు వి చేరిన విషాదము, ప్ర చేరినఁ బ్రసాదము. ప్రసన్నశబ్దము నీటికిని మనసునకును జెల్లును. ధాతు వొక్కటియే, మాఱినది యుపసర్గమాత్రము.

అయినను మాట యొక్కటియే చాలదు. కతకఫలము, అనఁగా ఇందుపగింజ, నీటిని దేర్చునదే యైనను, దాని పేరు చెప్పినంతమాత్రమున నీరు తేఱదని మనుస్మృతి యాఱవ యధ్యాయమునఁ గలదు. దుఃఖితుఁడగు బాలునితోఁ "తేఱుకొనుము" అని యాజ్ఞాపించుటయు నట్టిదే. తేర్చువారు దగ్గఱ నుండవలయును. తేర్చుట యను ప్రేరణరూపమునకు ఓదార్చుట యను నర్థము గలుగుట యిందులకే.