లంకెను నొక్కిన ప్రోగ్రాము తెరచుకొనుట ఎట్లు?

2020వ సంవత్సరమున పాఠశాలలు మూతపడినపుడు తెలుగునాట అనేక విద్యార్థులు ఇంటనుండియే పాఠములు వినిరి. కంప్యూటరు గల యిండ్లలో, ఉపాధ్యాయుడు పంపిన లంకెను నొక్కగా బ్రౌజరు తరచుగా “ఈ ప్రోగ్రామును తెరువవచ్చునా?” అని యడిగెడిది. సమ్మతించినచో సమావేశపు ప్రోగ్రాము తెరచుకొనెడిది. ఈ చిన్న ప్రశ్న వెనుక పెద్ద చరిత్ర గలదు.

వెబ్ పుట ఎచ్చటనో యున్న కంప్యూటరునుండి వచ్చును. దానిని వ్రాసినవారెవరో చదువరి ఎరుగడు. అట్టి పుట చదువరి కంప్యూటరులోని ప్రోగ్రాములను తన యిష్టానుసారము నడుపగల్గినచో, దారిన పోవువానికి ఇంటి తాళపుచెవి ఇచ్చినట్లే యగును. కావున పుట ఒక పేరును మాత్రమే పలుకవలెను. ఆ పేరునకు ఏ ప్రోగ్రాము బదులు పలుకవలెనో తెలుపు పట్టిక చదువరి కంప్యూటరులోనే యుండును.

ఈ యేర్పాటునకు మూలము వెబ్ తొలినాళ్లలోనే కలదు. జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించెను. 1994 డిసెంబరులో వెబ్ చిరునామాల ప్రమాణపత్రము వెలువడినది. దాని ప్రకారము చిరునామాలో రెండుచుక్కల గుర్తునకు ముందుండు మాట, చేయవలసిన పని యేదో తెలుపును. దీనిని పిలుపుమాట యనవచ్చును. అది ‘హెచ్.టి.టి.పి.’ యైనచో బ్రౌజరు పుటను తెచ్చును. ‘మెయిల్‌టు’ యైనచో ఉత్తరములు వ్రాయు ప్రోగ్రామును, ‘టెల్నెట్’ యైనచో దూరపు కంప్యూటరుతో సంభాషించు ప్రోగ్రామును తెరువవచ్చును.

క్రమముగా ప్రోగ్రాములను తయారుచేయువారు తమ సొంత పిలుపుమాటలను చేర్చసాగిరి. విండోస్‌లో వీని పట్టిక రిజిస్ట్రీ యనుచోట నుండును. ప్రోగ్రామును కంప్యూటరులో స్థాపించునపుడు దాని పిలుపుమాట అందు నమోదగును. లంకెను నొక్కినపుడు విండోస్ ఆ మాటను వెదకి, తగిన ప్రోగ్రామును నడిపి, చిరునామా నంతటిని దానికి అందించును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. చిరునామాను వ్రాసినవాడు పరాయివాడు. ప్రోగ్రాము దానిని యజమాని యాజ్ఞగా భావించినచో ప్రమాదము తప్పదు. 2004 మే నెలలో మాక్ ఓ.ఎస్. టెన్ నందు, సహాయపుటలను చూపుటకై యేర్పడిన ‘హెల్ప్’ అను పిలుపుమాటద్వారా వెబ్ పుటలు స్క్రిప్టులను నడిపింపగలవని తేలెను. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణను విడుదల చేసెను.

2022 మే నెలాఖరున ఇట్టిదే మరియొకటి బయటపడెను. విండోస్‌లోని లోపములను పరీక్షించు సాధనమునకు ‘ఎం.ఎస్.-ఎం.ఎస్.డి.టి.’ అను పిలుపుమాట యుండెను. దుండగులు పంపిన వర్డ్ పత్రము తెరచినచో, అది దూరమునుండి ఒక పుటను తెచ్చుకొనెడిది. ఆ పుట ఈ పిలుపుమాటతో సాధనమును పిలిచి దుండగుల యాజ్ఞలను అమలుపరచెడిది. జూన్‌లో సవరణ వచ్చువరకు ఆ పిలుపుమాటను రిజిస్ట్రీనుండి తొలగింపవలసినదని మైక్రోసాఫ్ట్ సలహా యిచ్చెను. పట్టికలో పేరు లేనిచో, పిలిచినను పలుకు ప్రోగ్రాము ఉండదు గదా!

పరాయివాని పిలుపును శంకించుట ప్రోగ్రామును వ్రాసినవాని విధి. బ్రౌజరు అడుగు ప్రశ్న రెండవ కాపుదల. ఉపాధ్యాయుడు పంపిన లంకెకు సమ్మతించు విద్యార్థి, పిలిచినదెవరో, తెరచుకొనబోవు ప్రోగ్రామేదో ఒక్క క్షణము చూచుకొనినచో ఆ కాపుదల సార్థకమగును.