మెట్టుకు శాతం ఎవరు వేస్తారు?

వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపులో ఎముకల డాక్టరు కాలు పట్టి చూసి, ఓ శాతం రాస్తారు. కనీసం 40 ఉండాలి. 1995 వికలాంగుల చట్టం గీసిన గీత అది. మనిషిని ఇలా లెక్కకట్టడం సర్కారుకు పాత అలవాటే. 1872 నుంచి 1931 దాకా జనాభా లెక్కల్లో చూపులేనివారికి, చెవిటి మూగలకు, మతి తప్పినవారికి, కుష్ఠు సోకినవారికి వేరే గళ్లుండేవి. ఆ తర్వాత ఎత్తేశారు. 1981లో మళ్లీ అడిగారు, 1991లో మళ్లీ మానేశారు. తర్వాత మళ్లీ మొదలుపెట్టాక, 2011కి 2.68 కోట్ల మంది వికలాంగులు తేలారు.

ఆ మనిషి ఎక్కాల్సిన మెట్టు సంగతి? 1995 చట్టంలో ర్యాంపుల మాట ఉండేది, స్తోమతను బట్టి అన్న మెలికా ఉండేది, గడువు మాత్రం లేదు. 2007లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించడంతో నివేదికలివ్వడం మన బాధ్యతైంది. 2010లో పంపాల్సిన మొదటి నివేదిక 2015లో వెళ్లింది.

అదే ఏడాది డిసెంబర్ 3న మొదలైన సుగమ్య భారత్ అభియాన్‌తో అంకెలొచ్చాయి. 50 నగరాల్లో ఒక్కోచోట 25 నుంచి 50 ముఖ్య ప్రభుత్వ భవనాలను 2016 జూలైకల్లా అందరికీ అనువుగా మార్చాలి. ఆ గడువు జరిగి జరిగి 2022 దాకా పోయింది.

అంకెల్లో అసలు చిక్కు వేరే. ర్యాంపుకు అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలి. ఆరంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగులన్నమాట. నేను టేపు పెట్టి చూసిన ఓ ఆఫీసులో మూడు మెట్లకూ కలిపి నాలుగడుగులే పోశారు. చక్రాల కుర్చీలో ఉన్న పెద్దాయన్ని ఇద్దరు వెనక్కి తిప్పి, ఊపిరి బిగబట్టి లాగారు. పైకి చేరాక గుమ్మంలో బైకు అడ్డం! అయినా ఫారంలో ‘ర్యాంపు ఉందా?’ అన్న గడిలో ‘ఉంది’ అనే పడుతుంది. అబద్ధమూ కాదు.

ఇలాంటి అడ్డంకులు తీయాలని చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2017లో ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో తేల్చే పని 2023లో హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక చదివాక, 2024 నవంబర్ 8న, 1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 2017లో చేసిన నిబంధనల్లో 15(1) చెల్లదంది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని ఆ నిబంధన కింది మార్గదర్శకాలు సలహా స్థాయికి దించాయని కోర్టు అభ్యంతరం. సలహా పాటించలేదని ఏ అధికారి మీద రాస్తారు? తప్పనిసరి ప్రమాణాలు విడిగా రాయడానికి కేంద్రానికి మూడు నెలలిచ్చింది. రతూరి కోర్టు మెట్లెక్కి అప్పటికి 19 ఏళ్లు.